ఏడో నంబరు

మలుపులో ఎదురొచ్చిన పెద్దాయన చొక్కా మీద అమ్మాయి చేతిలోని టీ సగం ఒలికింది.

"అయ్యో, చూసుకోలేదండీ. కాలిందా?"

"నీ దగ్గరే చల్లారిపోయిందిలే అమ్మాయ్," అంటూ ఆయన కంప్యూటర్ గది బయట బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎక్కడికైనా వెళ్లాలా మీరు?"

"సాయంత్రం నలుగురి ముందు నిలబడాలి. పర్లేదు, వాళ్లు నా మొహమే చూస్తారు."

మొహమాటపడుతూ ఆమె కూడా పక్కనే కూర్చుంది.

"ఎవరికోసం వచ్చారు?"

"నా వంతు కోసం."

పక్క గదిలో గుర్తింపు కార్డులిస్తారు. అందుకే కాబోలు అనుకుంది.

ఆయన ఆమె ఒళ్లోని బొమ్మ చూశాడు. గుండ్రటి బంతి నిండా చిక్కుపడ్డ ఎర్ర గీతలు, నీలం గీతలు.

"ఏమిటది, ఉన్ని ఉండా?"

"భూమండీ. లోపల కరిగిన ఇనుము సుడులు తిరుగుతుంటుంది. దానివల్లే భూమి అయస్కాంతమైంది. లక్షల ఏళ్లకోసారి దాని ఉత్తరం దక్షిణమైపోతుంది. అదెలాగో, అందరూ వంతులవారీగా వాడుకునే ఇక్కడి పెద్ద కంప్యూటర్లో నడిపి చూస్తున్నాను."

"తిరిగిందా మరి?"

"బలం తగ్గి, తిరగబోతూ ఉండగా నాకిచ్చిన సమయం అయిపోయింది. తిరుగుతుందో, మళ్లీ వెనక్కే వస్తుందో తెలీదు. నెలాఖరుకి ఈ కంప్యూటర్ని తీసేస్తారు. కొత్తది వచ్చేసరికి నా చదువు గడువే ఉండదు. ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే."

"మళ్లీ వరుసలో నిలబడకపోయావా?"

"నిలబడ్డాను. నా ముందు ఏడో నంబరుంది. నెలాఖరుదాకా వాళ్లదే. జిడ్డులా పట్టుకుని వదలరు."

"మరీ జిడ్డంటావా?"

"కాకపోతే? మనుషులైతే కాస్త ఆలోచించరూ?"

"అడిగి చూడకపోయావా?"

"ఎవరినని అడగను? బోర్డు మీద నంబర్లే తప్ప పేర్లుండవు. అడిగినా అలాంటివాళ్లు ఇస్తారా, తాతగారూ?"

"ఏమో," అని ఆయన చొక్కా మరక తుడుచుకుంటూ లేచాడు.

మర్నాడు బోర్డు మీద ఏడో నంబరు లేదు.

ఆమె భూమి మళ్లీ కదిలింది. గీతలు ఇంకా చిక్కుపడ్డాయి, సన్నబడ్డాయి, ఉన్నాయో లేదో అన్నట్టయ్యాయి. నెలాఖరు దగ్గరపడుతుండగా ఒక ఉదయం, ఇదివరకు నీలం ఉన్న చోట ఎరుపు నిలిచింది. ఉత్తరం దక్షిణమైంది.

ఆ పెద్దాయన కనబడితే చెప్పాలని ఆమె రెండు కప్పుల టీ తీసుకుని, తొణక్కుండా నడిచి వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఆ రోజు ఇక్కడ కూర్చున్న తాతగారేరీ?" అని ఆపరేటర్ని అడిగింది.

"ఆయన రిటైరయ్యారు కదమ్మా. టీ మరక చొక్కాతోనే సన్మానం చేయించుకుని వెళ్లారు."

"ఇక్కడే పనిచేసేవారా? ఏం చేసేవారు?"

"వాగుల్లో ఒండ్రుమట్టి ఎలా పేరుకుంటుందో జీవితమంతా లెక్కగట్టారు. ఈ కంప్యూటర్ని తీసేసేలోపు ఒక్కసారి దీన్లో నడిపి చూసుకోవాలని ఆశ. ఏమైందో, ఆ సాయంత్రం సన్మానానికి వెళ్తూ వచ్చి, 'ఆ అమ్మాయి భూమి సగం దారిలో ఆగిందయ్యా, నా వాగు ఇంకా బయల్దేరనే లేదుగా' అని తన ఏడో నంబరు తనే కొట్టేయించారు."