చుట్టకు కాపలా

సుందరరాజ గుండె మీద గొట్టం పెట్టి విన్న దొర డాక్టరు పెదవి విరిచాడు. చుట్ట మానకపోతే ఈ కుర్రాడు ఎఫ్.ఏ. పరీక్ష దాకా కూడా ఉండడన్నాడు.

ఆండిపట్టిలో ఉన్న తల్లి వేంకటలక్ష్మికి ఆ కబురు విని పై ప్రాణాలు పైనే పోయాయి. భర్త లేడు. ఉన్నది ఒక్క కొడుకు. మధురకు రైలు వచ్చిన కొత్త రోజులవి. నోట్లో దిండుగల్లు చుట్ట ఉంటేనే ఇంగ్లీషు వస్తుందని కాలేజీ కుర్రాళ్లకు గట్టి నమ్మకం. ఆవిడ ఒట్టు వేయించుకుంది, పళనికి మొక్కుకుంది. వాడు వింటే కదా.

చివరికి బండి కట్టించుకుని, దూరపు బంధువు చెన్నకేశవన్‌ను వెంటబెట్టుకుని మధురలో కొడుకు గదికి వచ్చింది. ఆయనకు అరవై దాటాయి. తెల్లటి బుర్రమీసం.

"పరీక్ష అయ్యేదాకా చెన్నకేశవన్ నీతోనే ఉంటాడు. మనోడే," అంది.

సుందరరాజ గుండెల్లో రాయి పడింది. వాళ్ల కుటుంబాల్లో ఎంత పోకిరీ అయినా పెద్దల ఎదుట చుట్ట ముట్టించడు. వాసన కూడా తగలనివ్వడు.

ఆ రోజు నుంచి నరకమే. వీడు నడిస్తే ముసలాయన వెనకాలే నడిచేవాడు. వీడు గదిలోకి రాగానే చాప మీంచి లేచి నిలబడేవాడు. వీడు తినేదాకా తినడు, పడుకునేదాకా పడుకోడు. కాలేజీలో ఎవరైనా చుట్ట చేతికిచ్చినా, గేటు బయట కాచుకున్న మీసం గుర్తొచ్చి తిరిగి ఇచ్చేసేవాడు.

"తాతా, మీరట్ల కోవిల దాకా పోయి రాకూడదా?" అని ఒకసారి బతిమాలాడు.

తాతా అనగానే ముసలాయన ఇబ్బందిగా కదిలాడు.

"మీరొస్తే వస్తాను. మిమ్మల్ని విడిచి కదలొద్దని చెప్పినారు."

మీరు అనడం చదువుకు ఇస్తున్న మర్యాద కాబోలు అనుకున్నాడు సుందరరాజ. మర్యాదకేం తక్కువ లేదు, వదిలితే చాలు.

మొదట్లో పిచ్చెక్కినట్టుండేది. పుస్తకాలు విసిరికొట్టేవాడు. పోనుపోను దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. పరీక్ష నాటికి చుట్ట ఊసే మరిచిపోయాడు.

పరీక్ష అయ్యాక వేంకటలక్ష్మి వచ్చి కొడుకు చొక్కా వాసన చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. చెన్నకేశవన్ చేతిలో కొత్త పంచె పెట్టింది.

"నీ పుణ్యాన నా బిడ్డ దక్కినాడు," అంది.

ఆయన ఇల్లు చేరి గడపలో కాలు పెట్టగానే భార్య కమలమ్మాళ్ ఆయన పైగుడ్డ అందుకుని ముక్కుకు ఆనించింది. నమ్మలేక మళ్లీ వాసన చూసింది.

"ఇదేమి, పెండ్లయినప్పట్నుంచి నేను మొత్తుకుంటే మానలేదు. ఇప్పుడెట్ల విడిచినారు చుట్ట?"

చెన్నకేశవన్ విసుగ్గా పీట మీద కూలబడ్డాడు.

"పొద్దస్తమానం వరసకు చిన్నాయన, ఆ సుందరరాజ ఎదురుగానే ఉంటే ఎట్ల ముట్టించేది?"