మేత ముట్టని చేపలు

కొల్లేటి చెరువులన్నిటా మేత యంత్రాలు వచ్చి నలభై ఏళ్లయింది. నీటిపై తేలే గుళికలను కొన్ని చేపలు పైకి తిరిగిన నోళ్లతో పీల్చుకుని బలిశాయి. వాటి తోబుట్టువుల్లో గుళికలు అందని చేపలకు తరతరానికీ దవడలు సాగి, రంపపు పళ్లు మొలిచాయి. అవి సాటి చేపల పొలుసులు గీక్కుని తిని బతికాయి.

ఆ ఉదయం చల్లిన మేత చల్లినట్టే తేలుతోంది. యంత్రంలో లోపమేమో చూద్దామని కాపలాదారు ఏడుకొండలు నడుంలోతు నీళ్లలోకి దిగాడు.

గట్టు మీంచి భార్య నాంచారమ్మ కేక వేసింది. "పైకొచ్చెయ్యవయ్యా! నిన్న వలేత్తే పళ్లు లేని సేప ఒక్కటీ పడలేదు. ఆ పళ్ల సేపలకింక తిండి లేదు!"

"కాళ్లకేదో గిలిగింతలెడతందే," అని నవ్వాడతను.

ఆమె వంగి అతని చెయ్యి పట్టి లాగింది. గట్టెక్కిన పాదాలకు చర్మం లేదు. అతనికింకా నొప్పి తెలియలేదు. వెనకే వచ్చిన చేపలు గట్టు అంచున గుంపుగా ఆగాయి.