గాలి టైరా, గట్టి టైరా

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దేసరికి నా మనవరాలు బడికి పోతోంది. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు జారిపోతాయి. ఈ కాస్త రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. సర్దుకుని చదవండి.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరో సంవత్సరం. తిరువూరులో జగన్నాథరావుగారి బియ్యం మిల్లు గేటు దగ్గర ఒక పొద్దున రెండు టైర్లు కనిపించాయి. ఒకటి గాలి టైరు. రెండోది లోపలా బయటా గట్టి రబ్బరే, దానికంటే జానెడు పెద్దది. రెండూ గోడకు ఆనించి ఉన్నాయి.

ముఠా కూలీలంతా చుట్టూ మూగారు. అంతకు వారం ముందే వాళ్ళు రావుగారికి తేల్చి చెప్పారు. గోడౌన్లో బస్తాల నెట్టు పది వరసలు దాటితే ఇక మోయమని. క్వింటా బస్తా వీపున పెట్టుకుని, ఊగే బల్ల మీద పైకప్పు దాకా ఎక్కడం తమవల్ల కాదని. ఆ మాట అన్నది ఏడుకొండలు. ముఠా మేస్త్రి హనుమయ్య పక్కన నిలబడి తలూపాడు.

రావుగారు అప్పుడూ తిట్టలేదు, ఇప్పుడూ తిట్టలేదు.

"మీరన్నది నిజమేరా. అందుకే బెజవాడ నుంచి ఫోర్క్‌లిఫ్టు అద్దెకు మాట్లాడుతున్నా. ముందు రెండు ఇనుప చేతులుంటాయి. బస్తాలెత్తి పదిహేనో వరస మీద పెడుతుంది. దానికి ఆయాసం రాదు, బీడీకని ఆగదు."

"మరి మా సంగతేంటండీ?" అన్నాడు హనుమయ్య.

"అది తర్వాత. ముందు టైర్లు చూడండి. ఇక్కడి నేల మీకు తెలిసినట్టు నాకు తెలుసా? అందరూ ఒక మాట మీదకొచ్చి ఏది వెయ్యమంటే అదే వేయిస్తా."

"మిషను ఎప్పుడొస్తుందండీ?"

"టైరు తేలాక. తప్పు టైరుతో వస్తే అద్దె దండగ కాదూ?"

ఆ టైర్లు దించింది పంక్చర్ల సుభాని. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పాడు.

"గాలి టైరు మెత్తగా పోద్ది. ముల్లు దిగితే కూలబడుద్ది. గట్టి టైరుకు ముల్లు లెక్కలేదు. తడి నేలయితే దిగబడుద్ది."

"ఏది మంచిది సుభానన్నా?"

"నన్నడగొద్దు. మీరు చూసుకోండి," అని సైకిలెక్కేశాడు.

టీ బడ్డీ దగ్గర పంచాయితీ మొదలైంది. మిషను రావాలని ఎవరికీ లేదు. ఏ టైరు వేస్తే అది తొందరగా మూలపడుతుందా అన్నదే లెక్క.

"గాలి టైరే అడగండ్రా," అన్నాడు హనుమయ్య. "గేటు నుంచి గోడౌను దాకా తుమ్మముళ్ళే. రోజుకో పంక్చరు. ఆయనే విసుగెత్తి పంపించేస్తాడు."

"పంక్చరు సుభాని టీ తాగేలోపు వేసేస్తాడు మేస్త్రీ," అన్నాడు ఏడుకొండలు. "వానలొస్తున్నాయి. గట్టి టైరయితే నల్లమట్టిలో ఇరుసు దాకా దిగిపోద్ది. బయటికి లాగేదెవరు?"

"ఇంకెవరు, నిన్నే లాగమంటాడు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వే ఆఖరు. మర్నాటికి ముఠాలో గాలి పార్టీ, గట్టి పార్టీ తయారయ్యాయి. బస్తా మనిషి వీపున కుదురుగా కూర్చోవాలంటే ఇద్దరు చెరో పక్కన పట్టి ఎత్తాలి. ఇప్పుడు ఈ పార్టీ వాడి బస్తాకు ఆ పార్టీ వాడు చెయ్యి వెయ్యడం మానేశాడు.

రావుగారు రోజూ గేటు దగ్గర ఆగి అడిగేవారు.

"ఏరా, తేలిందా?"

"లేదండీ."

"తేలనివ్వండి, తొందరేముంది. పని మాత్రం ఆపకండి."

పది వరసల మాట ఎవరికీ గుర్తు లేదు.

ఇంట్లో ఏడుకొండలు భుజాలకు ఆముదం రాస్తూ రావమ్మ దెప్పింది.

"తింటున్నా టైర్లే, పడుకున్నా టైర్లే. నీకు నన్నిచ్చి చేశారా, టైరునిచ్చి చేశారా మావా?"

"నీకు నవ్వులాటగా ఉంది. అదొస్తే మనం పెనుగొలను పోయి కలుపు తియ్యాలే. పదిహేను వరసలు ఎత్తుద్దంట. మేం పదహారు ఎత్తి చూపిస్తాం. ఇక మిషనెందుకని ఆయనే అనుకోవాలి."

"పదికే ఆయాసపడ్డ మనిషివి!"



తొలకరి పడిన రోజు అందరి కాళ్ళకూ బురదే. బల్ల మీదా బురదే. ఏడుకొండలు వీపు మీద బస్తాను అతని పార్టీ వాడు ఒక్కడే ఎత్తి పెట్టాడు. అది ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. అలాగే ఎక్కాడు. పద్నాలుగో వరస దగ్గర కాలు జారింది. ముందు అతను పడ్డాడు. అతని మీద బస్తా పడింది.

పాడె మాత్రం రెండు పార్టీలూ కలిసే మోశాయి.

తర్వాత హనుమయ్య రావుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక ముఠా అంతా ఉంది.

"మిషను వద్దు బాబూ. ఎన్ని వరసలైనా మేమే మోస్తాం."

రావుగారు తలూపారు.

"సరే. మీ మొహం చూసి మానుకుంటున్నా."

పెద్దదినం అయ్యాక రావమ్మ ఊడ్చే పనేదైనా ఇప్పించమని మిల్లుకు వచ్చింది. గేటు బయట సుభాని ఆ రెండు టైర్లనూ బెజవాడ లారీలోకి ఎక్కిస్తున్నాడు. ఆమె అక్కడే ఆగింది.

"ఆ మిషనేదో నాలుగు రోజులు ముందొచ్చినా బాగుండేదన్నా. కూలి పోతే పోయేది, మనిషి మిగిలేవాడు."

సుభాని తలెత్తలేదు. తాడు ముడి వేస్తూనే అన్నాడు.

"మిషనెక్కడిదమ్మా, ఆయన నన్ను బెజవాడ నుంచి అద్దెకు తెమ్మంది ఈ రెండు టైర్లే."

— రావమ్మ, డెబ్భై మూడేళ్ళు. ఇప్పుడుండేది వినగడపలో, కూతురి దగ్గర.