పగ, పొగ, ఇంజనాయిలు

"పదకొండేండ్లు ఈ బండిని నువ్వు ఎట్ల తోలినావో అట్లే సెప్పప్పా. ఒక్క ముక్క దాసిపెట్టొద్దు."

పుంగనూరు బైపాసు టీకొట్టు బల్ల మీద కూర్చున్న రంగప్ప చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు పక్కన పది చక్రాల లారీ. మూడు నెలల కిందటి దాకా తనది. కాగితాల్లో మదనపల్లి రాజేశ్వరమ్మది అయితే అయింది గానీ, ఆ ఇంజను దగ్గితే మందు తెలిసినవాడు తనొక్కడే. ఇప్పుడు దాంట్లోంచి దిగినవాడు మునిచంద్రట. ముప్పై ఏళ్ళుంటాయి. గడ్డం కూడా సర్వీసింగుకు ఇచ్చి తెచ్చుకున్నట్టు నున్నగా ఉంది.

"నీకెందుకప్పా అదంతా?"

"బండి ఇప్పుడు నా సేతిలో ఉండాది. ఇంజను కొత్తగా కట్టినారు. రేపట్నించి మళ్ళీ కుప్పానికి టమోటా తోలాల. దీని గుణం నీకంటే ఎవురికి తెలుసు?"

రంగప్ప లోపల పొగ లేచింది. పొగకు ఒత్వం పీకేస్తే మిగిలేది పగే కదా.

మోకాలి ఆపరేషనని రెండు నెలలు సెలవు పెట్టడమే అతను చేసిన నేరం. ఆ రెండు నెలలూ లారీ ఎక్కింది రాజేశ్వరమ్మ తమ్ముడు మధుసూదన్. తోలింది తక్కువ. కుప్పం క్వారీల దగ్గర ఇంజను ఆపకుండా ఏసీ వేసుకొని గుర్రు పెట్టింది ఎక్కువ. రంగప్ప కుంటుకుంటూ తిరిగొచ్చేసరికి ఇంజను విప్పి పడుంది. లోపలి ఆయిలు తారులా పేరుకుంది. రాజేశ్వరమ్మ దాన్ని వేలితో గీకి, షెడ్డులో పదిమంది చూస్తుండగా అతని మొగం ముందు పెట్టింది. "పదకొండేండ్లు నువ్వు తోలింది ఇట్లేనా రంగప్పా?"

ఆయిలు మాడ్చింది తమ్ముడు. మొగం మాడింది రంగప్పది. ఉద్యోగమూ ఊడింది.

"సెప్తా, కూసో," అన్నాడు రంగప్ప గొంతులో బెల్లం కలుపుకొని. "పొద్దున్నే తాళం తిప్పుతానే యాక్సిలరేటరు అదిమి తొక్కాల. ఇంజనుకు నిద్రమత్తు వదలాలంటే గట్టిగా అరిపియ్యాల."

తానైతే ఆయిలు పైదాకా పాకిందని నమ్మకం కలిగేవరకు బ్రేకు మీంచి కాలు తీసేవాడు కాదు. కదిలాక కూడా కాసేపు పెళ్ళికూతుర్ని నడిపించినట్టు నడిపేవాడు.

మునిచంద్ర ఫోనులో రాసుకున్నాడు. "టీకి నిలిపితే?"

"ఆపొద్దు! గంటైనా రెండు గంటలైనా ఇంజను తిరగతానే ఉండాల. ఏసీ ఏసుకో, కాళ్ళు సాపుకో."

"మసి ఆయిల్లోకి దిగదా అప్పా?"

వీడికి నాలుగక్షరాలు తెలుసే అని రంగప్ప ఉలిక్కిపడ్డాడు. "దిగనీ. ఆడబిడ్డకు కాటుక పెడితే వద్దంటామా? ఆయిలుకూ అంతే."

"ఎత్తు ఎక్కేటప్పుడు?"

"టాప్ గేరే. ఇంజను మూలిగినా సరే, నల్లగా పొగ కక్కినా సరే. గేరు దిగితే గౌరవం దిగినట్టే. పైకెక్కినాక ఇంజను కాలిపోతాంటే టక్కున ఆపెయ్యి. ఒక్క నిమిషం కూడా ఓర్చుకోవద్దు."

"టీకి ఆపొద్దంటివి, ఈడ ఆపమంటాండావు?"

"అదేనప్పా డ్రైవింగంటే!"

లారీ హెడ్‌లైట్లు తనవైపే చూస్తున్నట్టనిపించి రంగప్ప బల్ల మీద పక్కకు తిరిగి కూర్చున్నాడు. వెంటనే షెడ్డు గుర్తొచ్చింది. ఆ నల్లటి వేలు గుర్తొచ్చింది. ఏడాది తిరక్కుండా ఈ ఇంజను మళ్ళీ పట్టేస్తుంది. అప్పుడు ఎవరి మొగం ముందు వేలు పెడుతుందో చూద్దాం ఆ మహాతల్లి.

"ఆయిలు ఎప్పుడు మార్సేది?"

"మార్సేదెందుకు? తగ్గితే పైన పోస్తే సాలు. ఎయిర్ ఫిల్టరు జోలికి అసలే పోవద్దు."

మునిచంద్ర రాయడం ఆపాడు. "అప్పా, ఒక మాట. ఇదంతా నువ్వు ఊరికే సెప్పేదా, సేసిందా? పదకొండేండ్లూ నిజంగా ఇట్లే తోలినావా?"

ఇక్కడ తడబడితే పగంతా పొగైపోతుందని రంగప్పకు తెలుసు.

"మా ఇంటిది అన్నపూర్ణ మీద ఒట్టు. ఒక్క దినం కూడా తప్పలేదు."

మునిచంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు. సగం టీ అట్లే వదిలి లేచాడు. రంగప్పకు మాత్రం మూడు నెలల తర్వాత ఆ పూటే టీ తియ్యగా ఉంది.

"ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు? పాఠం కష్టంగా ఉండాదా?"

"నేను డ్రైవర్ని కాదప్పా. ఈ ఇంజను కట్టిన మెకానిక్కుని. ఆ మసి సూస్తే నీ సేతిది కాదేమో, ఆ తమ్మునిదేమో అని అనుమానమొచ్చి, ఆయమ్మకు నేనే సెప్పినా."

రంగప్ప గ్లాసు బల్ల మీద పెట్టబోయాడు. బల్ల అందలేదు.

"అయితే... నిన్ను ఏంటికి పంపిచ్చింది?"

"నువ్వు తోలిన తీరు ఒక్కసారి అడిగి, నిన్నీ బండిలోనే మళ్ళీ పనికి పిల్చుకొని రమ్మనింది."