తాడు పట్టిన మిషన్

ఇప్పుడు నల్లమల అంతటా తేనె కోసం కొండచరియలు దిగేవాళ్ల తాడు పట్టేది మిషనే. పూర్వం బామ్మర్ది పట్టేవాడు. అక్క పసుపుకుంకుమలు ఆ తాడు మీదే ఉండేవి. అతను “చాలు బావా” అంటే, మిగతా తేనెపట్టు ఈగలకు వదిలి పైకి రావలసిందే.

మిషన్ గురవయ్యను నిండు బుట్టతో కొండచరియ పైకి లాగింది. ఊరికే చూడవచ్చిన బామ్మర్ది బయన్న బుట్టలోకి వంగాడు. తేనెలో తెల్లటి పిల్లపురుగులు కదులుతున్నాయి.

“పిల్లల పట్టు కూడా కోసినావా బావా?”

“మిషన్ ఆపలేదురా.”

“దానికి తెల్దు. నీకూ తెల్దా?”

తొలి ముక్క తాడు పట్టినవాడికి పెట్టడం ఆనవాయితీ. గురవయ్య అలవాటుగా ఒక తునక తుంచి బామ్మర్ది వైపు చెయ్యి చాచాడు.

బయన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“మిషన్ నోట్లో పెట్టు బావా.”

తేనె మోచేతిదాకా కారుతున్నా గురవయ్య చాచిన చెయ్యి దించలేకపోయాడు.