మేడిపళ్ళ దొంగ

పెరటి గోడ దూకి మేడిచెట్టు కిందికి వచ్చినవాణ్ణి చూసింది ఆమె. ఉయ్యాలలోని పాపను గబుక్కున చంకనేసుకుంది.

"అత్తయ్యా! మళ్ళీ వచ్చాడు!"

మాసిన గడ్డం, చేతిలో గోనెసంచి. రాలిన మేడిపళ్ళు ఏరుతున్నాడు.

"పురుగుల పళ్ళు ఎవడు తింటాడే? వాడి కన్ను మన ఉయ్యాల మీదుంది" అంది అత్తగారు.

ఆ మాటతో ఆమె పాపను ఇంకా గట్టిగా హత్తుకుంది. కేకలేసింది. పక్కింటివాళ్ళొచ్చి పట్టుకున్నారు.

"ఎందుకురా ఈ పళ్ళు?"

వాడు గుంపును చూశాడు. పిట్టలమ్మేవాడు ముందు వరసలోనే ఉన్నాడు.

గడ్డంవాడు చూపు తిప్పుకున్నాడు. ఆమెకే చేతులు జోడించాడు.

"అమ్మా, కావాలంటే కొట్టించండి. సంచి ఇచ్చి పంపెయ్యండి. పొద్దుపోతోంది."

"ఇంట్లో విందు కాబోలు, మేడిపళ్ళతో!" ఎవరో నవ్వారు.

పోలీసులు తీసుకుపోయారు. సంచి గోడవారనే ఉండిపోయింది.

నాలుగో రోజు అటవీశాఖ గార్డు గేటు తట్టాడు.

"పళ్ళు ఏరుకునే గడ్డపాయన కనిపించాడా అమ్మా? నేను సెలవులో ఉండి ఇవాళే వచ్చాను."

"నేనే పట్టించాను."

గార్డు తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావమ్మా! కొండవెనక చెట్టుతొర్రలో పక్షి ఉంది. ముక్కు మీద కొమ్ముండే రకం. ఈ అడవిలో అదే ఆఖరిది. గుడ్డు పెట్టేముందు తొర్రవాకిలి మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టే సందు ఒక్కటే ఉంచుకుంటుంది. పిల్ల ఎదిగేదాకా మగదే పళ్ళు తెచ్చి పెట్టాలి. మగది పోయిన నెల చచ్చిపోయింది. అప్పట్నించీ ఆయనే గెడకి డబ్బా కట్టి అందిస్తున్నాడు."

"మరి ఒక్కమాట చెప్పలేదేం?"

"ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా. పక్షిపిల్లను ఎత్తుకుపోయి అమ్ముకునేవాళ్ళున్నారు."

పాప అత్తగారి చేతుల్లోకి మారింది. ఆమె కొంగునిండా పళ్ళు నింపుకుని గార్డు వెంట పరిగెత్తింది.

గెడ చెట్టుకే ఆనించి ఉంది. డబ్బా నింపి సందు దాకా ఎత్తింది.

ఏమీ కదల్లేదు.

"తిను తల్లీ. నా తల్లివి కదూ, ఒక్కటి తిను."

గెడ దించలేదు.

చాలాసేపటికి సందులోంచి ముక్కు కొన బయటికొచ్చింది. చిన్నది. పిల్లది.

తల్లి ముక్కు ఎంతకీ రాలేదు.

ఆమె వెక్కుతూనే ఇంకో పండు వేసింది.

"ఆయన మీ ఆఫీసువాడా?"

గార్డు తొర్రవైపే చూస్తూ అన్నాడు.

"కాదమ్మా. ఆ మగదాన్ని కొట్టిన వేటగాడు."