రెండు ప్రసంగాలు

శనివారం మధ్యాహ్నం నుంచి పాస్టరమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ, బల్ల మీద ఆయన రాసి పెట్టుకున్న ప్రసంగం కాగితాలు చూసింది. అంతే, ఇస్త్రీపెట్టె కాలర్ మీదే ఉండిపోయింది.

"ఏవండీ, ఈ వారం ఇది వద్దు."

"ఏది?"

"ప్రాణం తీసుకునేవాళ్ల గురించి రాశారు కదా, అది. రేపు టైలరమ్మ వస్తోంది."

టైలరమ్మకు ఏడో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది. మెల్లగా మాట కూడా పోయింది. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. ఇరవై రెండేళ్లవాడు, ఆరు వారాల కిందట తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆమె చర్చికి రావడం ఇదే మొదలు.

"వచ్చేది ఆవిడొక్కతే కాదుగా. పోయిన వారం ఇంకో కుర్రాడు అదే పని చేయబోయి బతికి బయటపడ్డాడు. భయపెట్టి అయినా వీళ్లని ఆపకపోతే రేపు దేవుడికి నేనేం చెప్పుకోను?" అన్నాడు పాస్టరు. ఆయన గొంతులో కోపం లేదు. ఉన్నదంతా భయమే.

"భయపెడితే ఆగుతారా అండీ?"

"నేను చెప్పింది చెప్పినట్టు నువ్వు చెప్పు, చాలు."

చెప్పడమంటే చేతులతో. పెళ్లికి ముందు ఆమె బధిరుల బడిలో టీచరు. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం వేదిక పక్కన నిలబడి, భర్త ప్రసంగాన్ని టైలరమ్మ కోసం సైగల భాషలో చెబుతోంది. వాక్యంలో ఒక్క పొల్లు కూడా పోకూడదని మొదటి రోజే ఆయన మాట తీసుకున్నాడు.

పొల్లులేం ఖర్మ, పేరాలకు పేరాలే పోయేవి. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆయన దులిపేస్తుంటే, ఈవిడ 'వచ్చారు, సంతోషం' అని చెప్పి ఊరుకునేది. ఆయన జోకులైతే టైలరమ్మ మీద జాలితో పూర్తిగా వదిలేసేది. అయినా అందరూ నవ్వినప్పుడు టైలరమ్మా నవ్వేది. చర్చిలో సైగలు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు కనుక ఈ దొంగతనం ఇన్నేళ్లూ సాగిపోయింది.

ఆదివారం టైలరమ్మ ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుంది. మనిషి సగమైంది. తను కుట్టుకున్న బట్టలే తనకు వదులయ్యాయి. అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు ఆమె మీదుగానే ముందుకు వంగి, ఆ పిల్లవాడి పెంపకం గురించి మాట్లాడుకున్నారు, ఎలాగూ వినపడదన్న ధీమాతో.

అరగంట బాగానే నడిచింది. తర్వాత పాస్టరు కళ్లద్దాలు తీశాడు. పెద్ద మాట అనబోయే ముందు ఆయనకది అలవాటు.

"దేవుడిచ్చిన ప్రాణం మీద మనకు హక్కు లేదు. దాన్ని తీసుకున్నవాడికి పరలోకంలో చోటు లేదు!"

అందరి చూపులూ టైలరమ్మ వీపు మీదే. ఆమె చూపు మాత్రం ఆయన్ని వదిలి పాస్టరమ్మ వైపు తిరిగింది.

పాస్టరమ్మ చేతులు గాలిలో ఆగిపోయాయి. ఉన్నదున్నట్టు చెబితే ఈ తల్లి మళ్లీ ఈ గుమ్మం తొక్కదు. ఇంటికి వెళ్లి ఏమైపోతుందో కూడా తెలియదు. చెప్పకపోతే, దేవుడి పేరున భర్త పలికిన మాటను నిండు సభలో తను తిరగరాసినట్టు.

చేతులు కదిలాయి. నీ కొడుకు మోయలేనంత నొప్పి మోశాడు, అన్నాయి. అది నీకు కనబడలేదు, నీ తప్పు కాదు. దేవుడికి కనబడింది. నీ చేతుల్లోంచి జారినవాడు ఆయన చేతుల్లోనే పడ్డాడు.

పాస్టరు ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆయన నరకం దాకా వెళ్లేసరికి ఈవిడ సండే స్కూల్ దాకా వెళ్లింది. ఆ పిల్లవాడు గొర్రెపిల్ల బొమ్మకు నీలం రంగు వేసి, అలాగే ఉంటుందని తనతో పోట్లాడిన సంగతి చెప్పింది. టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. అందరూ ఆమెన్ అన్నప్పుడు ఆమె పెదవులూ కదిలాయి.

ఆరాధన కాగానే సంఘ పెద్ద అడ్డొచ్చాడు.

"ఏంటమ్మగారూ, అయ్యగారు అక్కడ నిప్పులు కురిపిస్తుంటే మీ చేతులు జోల పాడినట్టు ఊగాయి?"

"సైగల్లో నిప్పులు అలాగే ఉంటాయండీ." అంటూ పాస్టరమ్మ గుమ్మం వైపు నడిచింది.

గుమ్మం దగ్గర టైలరమ్మ పాస్టరు ముందు ఆగింది. చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించి, తల వంచి కదిలింది.

"చూశావా?" అన్నాడాయన భార్య చెవి దగ్గర, ఊపిరి పీల్చుకుంటూ. "ఆవిడ అర్థం చేసుకుంది. నువ్వే లేనిపోని కంగారు పడ్డావు."

పాస్టరమ్మకు మొహం చెల్లలేదు. నోరులేని మనిషిని ఇన్నేళ్లు మోసం చేశానని మొదటిసారి సిగ్గేసింది. టైలరమ్మ వెనక్కి వచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని, చర్చి పక్కన కుళాయి దగ్గరకు తీసుకెళ్లింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

క్షమాపణ చెప్పుకుందామని పాస్టరమ్మ చేతులెత్తింది. టైలరమ్మ వాటిని మెల్లగా కిందికి దించి, తన వేళ్లు కదిపింది.

"పన్నెండేళ్లుగా అయ్యగారి పెదవుల మీద ప్రతి మాటా చదువుతూనే ఉన్నానమ్మా, నేను వచ్చేది మీరు చెప్పేదాని కోసం."